వంశపారంపర్య కంటి జబ్బులతో చూపు తగ్గినవారి సంఘం సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించిన 2024-25 వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, తోడు వెతుక్కుని మరీ దూరాభారాల నుంచి వచ్చిన సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారాలు. నియమావళి ప్రకారం గడచిన సంవత్సరపు పనులను సభ ముందు ఉంచుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక వాటిని మళ్ళీ వల్లె వేయడం లేదు.

ముందుగా కృతజ్ఞతలు. అక్టోబరు 15న తెల్లకర్ర దినోత్సవానికి కల్యాణ మండపాన్ని అద్దె లేకుండా ఇచ్చిన యజమానికి, ఆ రోజు బస్టాండులో నిలబడి, దిగిన ప్రతి సభ్యుణ్ణి పేరు పెట్టి పిలిచి ఆటో ఎక్కించిన కళాశాల విద్యార్థులకు మనం రుణపడి ఉన్నాం. వంట బృందానికి ప్రత్యేక ధన్యవాదాలు చెప్పాలి. విస్తరిని గడియారంగా భావించి, పన్నెండు దగ్గర పప్పు, మూడు దగ్గర వంకాయ కూర, తొమ్మిది దగ్గర పచ్చడి అని ప్రతి ఒక్కరి చెవినా వేసి వడ్డించారు. పెళ్ళిళ్ళలో పక్కవారిని అడగలేక సగం కడుపుతో లేచే మనవాళ్ళు ఆ పూట మారు వడ్డించుకుని తిన్నారు. అదే రోజు ఫోనులో తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడకం నేర్పించాం. రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో విడుదల చేసిన 'మణి' యాప్‌తో నోటు విలువను ఎలా వినవచ్చో చూపించాం. కిరాణా కొట్టు నడిపే మన సభ్యులొకరు సాయంత్రానికల్లా దానితో గల్లాపెట్టె లెక్క సరిచూసుకున్నారు.

ఈ సంవత్సరం సంఘం గర్వించదగిన కార్యక్రమం జనవరిలో జరిగిన ఫీల్డ్ టెస్ట్ (చూపు విస్తీర్ణాన్ని కొలిచే పరీక్ష), జన్యు సలహా శిబిరం. ఒక కంటి ఆసుపత్రి వారు ఆదివారం తమ ప్రాంగణాన్ని, యంత్రాన్ని, సిబ్బందిని మనకు అప్పగించడం వల్లనే ఇది సాధ్యమైంది. మన సభ్యులలో అధికులకు ఉన్నది రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే కంటి లోపల వెలుగును గ్రహించే రెటీనా పొరకు వచ్చే వంశపారంపర్య జబ్బు. ఈ జబ్బులో మసక వెలుతురులో చూపునిచ్చే కణాలు ముందుగా నశిస్తాయి. అందువల్ల మొదట రేచీకటి వస్తుంది, ఆపై చుట్టూ చూసే చూపు అంచుల నుంచి కుంచించుకుపోతుంది, నడిమి చూపు మాత్రం చాలా ఏళ్ళు నిలుస్తుంది. గోడ మీది అక్షరాల చార్టును చివరి వరుస దాకా చదవగలిగిన మనిషే గుమ్మానికి అడ్డంగా ఉన్న స్టూలును తన్నుకుని పడతాడు. 'అన్నీ కనిపిస్తూనే ఉన్నాయిగా, నటన' అన్న మాట పడని సభ్యులు మనలో అరుదు. ఫీల్డ్ టెస్టులో గిన్నెలాంటి తెరకు ఎదురుగా గడ్డం ఆనించి, మధ్యనున్న చుక్క మీద నుంచి చూపు కదల్చకుండా, పక్కన మిణుకు కనబడినప్పుడల్లా మీట నొక్కాలి. మిగిలి ఉన్న చూపు విస్తీర్ణం చివరకు కాగితం మీద పటంగా వస్తుంది. తమ బాధకు మొదటిసారి ఒక రుజువు చేతికందిందని పలువురు సభ్యులు చెప్పారు.

ఆ కాగితం విలువ చట్టంలో ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చార్టు చదవడాన్ని మాత్రమే కొలమానంగా తీసుకోలేదు. చూపు విస్తీర్ణం 40 డిగ్రీల లోపు, 10 డిగ్రీల వరకు ఉంటే మందదృష్టిగాను, 10 డిగ్రీల కంటే తక్కువైతే అంధత్వంగాను గుర్తించాలని స్పష్టంగా చెప్పింది. అయినప్పటికీ వైకల్య ధ్రువపత్రాలు ఇచ్చే సదరం శిబిరాలలో మన సభ్యులకు చార్టు చూపించి, చదివారు కనుక వైకల్యం లేదని పంపివేసిన సందర్భాలు ఈ సంవత్సరమూ ఉన్నాయి. మీసేవలో స్లాటు దొరకడమే ఒక యజ్ఞం, దొరికిన రోజున యంత్రం పనిచేయడం లేదన్న సమాధానం దానికి కొసరు. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలకు పెరిగిన తరువాత ఆ ధ్రువపత్రం లేకపోవడం అంటే నెలనెలా ఎంత నష్టమో వివరించనక్కరలేదు. సంబంధిత కార్యాలయానికి వినతిపత్రాలు ఇచ్చాం, రసీదులు తీసుకున్నాం, జవాబు మాత్రం ఇంతవరకు రాలేదు.

శిబిరంలో మధ్యాహ్నమంతా జన్యు సలహాకే సరిపోయింది. సలహాదారు ప్రతి కుటుంబాన్నీ కూర్చోబెట్టి, మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం గీస్తూ వంశవృక్షం రాశారు. మేనరికపు పెళ్ళి ఉన్నచోట రెండు గీతలు పడ్డాయి. కొన్ని కాగితాలు ఆ జంట గీతలతోనే నిండిపోయాయి. మా వంశంలో ఎవరికీ లేదని గట్టిగా వాదించిన ఒక పెద్దావిడ, కాసేపటికి తానే, తన బావగారు పొద్దుగూకితే గడప దాటేవారు కాదని గుర్తు చేసుకున్నారు. తల్లిదండ్రులిద్దరూ ఒకే జన్యులోపాన్ని పైకి కనబడకుండా మోస్తున్నప్పుడు ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు అని, ఇది తల్లి పాపమూ కాదు, గ్రహణదోషమూ కాదని విన్నప్పుడు కొందరు కోడళ్ళ ముఖాలు తేటపడ్డాయని రాయడం నివేదికలో ఇమడదేమో గానీ రాయకుండా ఉండలేను.

పరిశోధనల గురించి సభ్యులు తరచుగా అడుగుతున్నారు కనుక ఉన్న సంగతి చెబుతాను. 2017 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ లక్స్‌టర్నా అనే జన్యుచికిత్సను ఆమోదించింది. రెటీనా కిందకు ఎక్కించే ఆ మందు ఆర్‌పీఈ65 అనే జన్యువు రెండు ప్రతులూ చెడినవారికి, అదీ బతికున్న కణాలు ఇంకా మిగిలి ఉంటేనే పనికివస్తుంది. రెండు కళ్ళకూ కలిపి ధరను 8,50,000 డాలర్లుగా ప్రకటించారు. రెటినైటిస్ పిగ్మెంటోసాకు కారణమయ్యే జన్యువులు 80కి పైగా ఉన్నాయి కనుక, మనలో అత్యధికులకు ఇది నేటి చికిత్స కాదు. అయినా ఏ జన్యువో తెలుసుకోవడం వృథా పని కాదు, రేపు ఏ ప్రయోగానికి అర్హులమో తేలేది దానితోనే. నడిమి చూపును దెబ్బతీసే మరో వంశపారంపర్య రెటీనా జబ్బు స్టార్‌గార్ట్ ఉన్నవారికి విటమిన్-ఎ మాత్రలు మేలు చేయకపోగా హాని చేస్తాయి కనుక, జబ్బు పేరు తేలకుండా ఎవరో చెప్పారని మాత్రలు మింగవద్దు. చుక్కల మందుతో చూపు తెప్పిస్తామనే ప్రకటనలకు ఈ సంవత్సరమూ డబ్బు పోగొట్టుకున్నవారు మనలో ఉండటం విచారకరం.

1987లో హైదరాబాదులో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వారు 1996-2000 మధ్య ఉమ్మడి రాష్ట్రంలో 10,293 మందిని పరీక్షించి చేసిన సర్వేలో, అంధత్వానికి సుమారు 60 శాతం కారణం శుక్లాలు, అద్దాలతో సరిచేయగల దోషాలేనని తేలింది. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన కంటి వెలుగు ఉచిత కంటి పరీక్షల కార్యక్రమాలు ఆ దిశగానే నడిచాయి, అది న్యాయమే. కానీ అద్దాలతోనూ ఆపరేషనుతోనూ తీరని మన వంటి వారికి ఆ బల్ల దగ్గర చెప్పేది ఏమీ ఉండదు. మిగిలిన చూపును వాడుకోవడం, కర్ర పట్టి నడవడం, ఫోనుతో చదవడం నేర్పే మనుషులు జిల్లాకు ఒకరైనా ఉండాలన్నది మన పాత డిమాండు.

ఇక స్వచ్ఛంద సేవకుల విషయం. పరీక్షలలో మన పిల్లలకు రాసిపెడతామని వాట్సాప్ బృందంలో పేర్లు ఇచ్చినవారి జాబితా చాంతాడంత ఉంది. పరీక్ష రోజు ఉదయం ఫోను తీసినవారు మాత్రం ఎప్పుడూ వచ్చే ఆ కొద్దిమందే. డిగ్రీ చదువుతున్న మన సభ్యురాలొకరు కేంద్రం గేటు దగ్గర చివరి గంట దాకా ఎదురుచూసి, అధ్యక్షుల వారి కుమార్తె పరుగున వచ్చి కూర్చుంటే గానీ పరీక్ష రాయలేకపోయింది. రాలేనివారు ముందురోజు ఒక మాట చెబితే చాలు, మరొకరిని చూసుకుంటాం.

జమాఖర్చులు ఆడిటరు సంతకంతో మీ చేతికిచ్చిన కాగితాలలో ఉన్నాయి. చందాలు, విరాళాలు వచ్చిన మేరకే ఖర్చు చేశాం, అప్పు లేదు. పాత చందా బాకీదారులు కోశాధికారిని ఈ రోజే కలుసుకోవలసిందిగా మనవి. కాగితాలు చదవలేనివారికి ఆయనే చదివి వినిపిస్తారు.

వచ్చే సంవత్సరం ఫీల్డ్ టెస్ట్ శిబిరాన్ని మరల జరపడానికి, ధ్రువపత్రం నిరాకరణకు గురైన సభ్యుల పక్షాన దివ్యాంగుల కమిషనరుకు ఉమ్మడి ఫిర్యాదు చేయడానికి సభ అనుమతి కోరుతున్నాను. నిరాకరణ పత్రాల నకళ్ళు ఉన్నవారు భోజన విరామానికి ముందే సహాయ కార్యదర్శికి అందజేయాలి. పత్రమే ఇవ్వకుండా నోటిమాటతో పంపివేసినవారు తేదీ, స్లాటు నంబరు చెప్పినా చాలు, రాసుకుంటారు.

ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

కార్యదర్శి