అసలు కేసు ఎప్పుడు వింటారు? కార్పొరేట్ వ్యవహారాల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఇంతకుముందు మూడు అర్జీలు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు కార్డులు తిరిగొచ్చాయి గానీ జవాబు రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

మా నాన్నగారు, బాబాయి కలిసి పత్తి జిన్నింగ్ మిల్లు పెట్టారు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. నాన్నగారివి నాలుగో వంతు షేర్లు. 2018లో ఆయన పోయారు. మరుసటి ఏడాది కంపెనీ రిటర్నులు తీయించి చూస్తే వాటాదారుల్లో ఆయన పేరే లేదు. 2016లోనే షేర్లన్నీ బాబాయికి రాసిచ్చినట్టు ట్రాన్స్‌ఫర్ ఫారం ఉంది. దాని మీద సంతకం ఇంగ్లీషులో, ఎక్కడా వణుకు లేకుండా ఉంది. చెక్కు మీదైనా, నా ప్రోగ్రెస్ కార్డు మీదైనా నాన్నగారు తెలుగులోనే సంతకం పెట్టేవారు. 2015లో పక్షవాతం వచ్చాక ఆయన కుడి చేయి లేవలేదు. బ్యాంకులో కూడా వేలిముద్రే వేశారు.

జిల్లా కోర్టుకు వెళ్ళాం. కంపెనీల చట్టం 430వ సెక్షన్ ప్రకారం ఇది వినే అధికారం సివిల్ కోర్టుకు లేదని అవతలివాళ్ళు అడ్డుపడ్డారు. ఆ ఒక్క ముక్క మీదే రెండేళ్ళు గడిచి, 2021లో మా దావా వెనక్కి వచ్చింది. సరేనని కంపెనీల తగాదాలు వినే ట్రిబ్యునల్‌కు (ఎన్‌సీఎల్‌టీకి) వెళ్ళాం. అక్కడ అదే వకీలు లేచి, ఫోర్జరీ తేల్చడం సివిల్ కోర్టు పని అన్నాడు! పైగా 2016 నాటి ట్రాన్స్‌ఫర్ కాబట్టి కేసు వేయడానికి ఉన్న మూడేళ్ళ గడువు దాటిపోయిందట. మేం వాటాదారులమే కాదు కాబట్టి పిటిషన్ వేసే హక్కే లేదట. పేరు కొట్టేశారనే కదండీ మేం వచ్చింది!

నేను లా చదువుకోలేదు. వాయిదాలకు తిరిగి తిరిగి నేర్చుకున్నాను. మోసం జరిగితే అది బయటపడిన రోజు నుంచే గడువు లెక్కని లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. అధికారం లేని కోర్టులో చిత్తశుద్ధితో తిరిగిన కాలాన్ని ఆ లెక్కలోంచి తీసేయాలని 14వ సెక్షన్ అంటోంది. ఇవి మాకు వర్తించవంటే వర్తించవని చెప్పమనండి. ఏదో ఒకటి తేల్చమనండి.

ప్రాథమిక అభ్యంతరాల మీదే నాలుగేళ్ళు దాటిపోయాయి. వాదనలు పూర్తయ్యే సరికి బెంచి మారింది, మళ్ళీ మొదటికొచ్చింది. రేపు ఆ అభ్యంతరాలు కొట్టేసినా, 45 రోజుల్లో వాళ్ళు చెన్నైలోని అప్పీళ్ళ ట్రిబ్యునల్‌కు పోతారు. పిటిషన్లను మూడు నెలల్లో ముగించడానికి అన్ని విధాలా ప్రయత్నించాలని మీ చట్టంలోనే 422వ సెక్షన్ ఉంది కదా. ఈలోగా బాబాయి మిల్లు స్థలం బేరానికి పెట్టారని ఊళ్ళో అనుకుంటున్నారు. ఆ టెన్షన్‌తో అమ్మకు నిద్ర లేదు.

దయచేసి మీ రూల్స్‌లో ఒక్క మాట చేర్చండి. గడువు, పరిధి అభ్యంతరాలను అసలు కేసుతో కలిపి వినాలి. విడిగా వినాల్సి వస్తే ఫలానా తేదీలోగా తేల్చాలి. అప్పటిదాకా ఆస్తులు అమ్మకుండా ఆపాలి. దయచేసి చేర్చండి.

అమ్మకు 71 ఏళ్ళు. ప్రతి వాయిదాకూ తెల్లవారుజామున బస్సెక్కుతుంది. నాన్నగారి సంతకం ఉన్న నా ఏడో తరగతి ప్రోగ్రెస్ కార్డు, ఆయన పాత చెక్కులు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఒళ్ళో పట్టుకుని కూర్చుంటుంది. ఆ కవరు ఇలా ఇవ్వమని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఇట్లు,
ఓ వాటాదారుడి కూతురు