తడిసిన పుస్తకాన్ని పారేయకండి

సంపాదకులకు నమస్కారం.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద తీశాక విజయవాడ సింగ్‌నగర్ వైపు వీధుల్లో పరుపులు, సోఫాలతో పాటు పుస్తకాలూ కుప్పలుగా పడ్డాయి. వాటిలో చాలావాటిని బతికించుకోగలిగేవాళ్లం. తెలుగులో వెయ్యి ప్రతులు వేసి మళ్లీ అచ్చుకాని పుస్తకాలు ఎన్నో. అలాంటిది ఒకటి పోతే డబ్బు పెట్టినా దొరకదు. అందుకే మళ్లీ వానలు ముదరకముందే ఈ ఉత్తరం.

తడిసిన పుస్తకానికి గడువు రెండు రోజులు. మన ఉక్కలో 48 గంటలు దాటితే బూజు పట్టేస్తుంది. బురద అంటితే పుస్తకం తెరవకూడదు. రెండు చేతులా గట్టిగా మూసి పట్టుకుని మంచినీళ్ల తొట్టిలో ముంచి కదపాలి. రుద్దితే మట్టి కాగితంలోకి దిగిపోతుంది. సిరాతో రాసిన డైరీలు, ఉత్తరాలు మాత్రం ముంచవద్దు, అక్షరాలు కరిగిపోతాయి.

నీళ్లు ఓడ్చాక అట్టలు కాస్త విప్పి నిలువుగా నిలబెట్టాలి. అంటుకున్న పేజీలను ఒక్కొక్కటిగా విడదీయబోవడమే అందరూ చేసే పొరపాటు. నానిన కాగితం తడి అప్పడంలా చేతిలోనే చిరిగిపోతుంది. పుస్తకం కాస్త ఆరాక ఇరవై ముప్పై పేజీలకొకటి చొప్పున అచ్చులేని తెల్లకాగితం పెట్టి, అది తడవగానే మార్చాలి. ఎక్కువ కాగితాలు కుక్కితే వెన్ను పగులుతుంది. ఎండలో పెట్టవద్దు, అట్ట వంకర తిరుగుతుంది. గదిలో ఫ్యాను వేసి గాలి ఆడనిస్తే చాలు, సూటిగా పుస్తకం మీదికి వద్దు. పేజీ చెంపకు ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఆ చల్లదనం దాదాపు పోయాక పడుకోబెట్టి, పైన బరువు పెడితే పేజీలు చదునవుతాయి.

నున్నటి ఆర్ట్ పేపరు మీద అచ్చయిన బొమ్మల పుస్తకాలు ఆరితే ఇటుకలా గట్టిపడతాయి, తర్వాత ఏం చేసినా విడవవు. వాటికి తడిగా ఉండగానే ప్రతి పేజీ మధ్యా కాగితం పడాలి. పుస్తకాలు ఎక్కువై చేతులు చాలకపోతే, శుభ్రమైన నీటిలో తడిసినవాటిని ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి ఫ్రీజర్‌లో పెడితే బూజు ఆగుతుంది. వీలు చూసుకుని రెండు మూడు చొప్పున తీసి ఆరబెట్టుకోవచ్చు. మురుగునీరు అంటినవి మాత్రం తిండి పక్కన పెట్టకూడదు.

బూజు పట్టాక తడిగుడ్డతో తుడిస్తే మరింత పాకుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, మాస్కు కట్టుకుని, ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులపాలి. చిరుగులకు సెల్లోటేపు వేయవద్దు. కొన్నేళ్లకు టేపు ఊడిపోయినా జిగురు మరక పోదు.

ముందుజాగ్రత్త ఖర్చులేనిది. పుస్తకాల బీరువాను గోడకు నాలుగు వేళ్ల ఎడంగా జరిపితే చెమ్మ ఎక్కదు, చెద దారులు కంటపడతాయి. మళ్లీ దొరకని పుస్తకాలను పై అరకు మార్చండి. కింది అర ఖాళీగా ఉన్నా నష్టం లేదు.

ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనమంతా గ్రంథాలయ పన్ను కడుతున్నాం. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఈ వివరాలను ఒక్క పేజీ తెలుగు కరపత్రంగా అచ్చువేయించాలి. ఏటా జూన్‌లో విజయవాడ, గుంటూరు శాఖా గ్రంథాలయాల్లో పాత పుస్తకం ఒకటి తడిపి, ఆరబెట్టే పద్ధతి పాఠకులకు చేసి చూపించాలి. ఒక బకెట్టు, ఒక ఫ్యాను, కాసిని తెల్లకాగితాలు ఉంటే సరిపోతుంది.

– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ