మోటారుకు లెక్కుంది, బిగించిన మనిషికి లేదు: భారీ పరిశ్రమల మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర భారీ పరిశ్రమల, ఉక్కు శాఖల మంత్రిగారికి నమస్కారాలు.

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ వైపు నుంచి పుణె, చెన్నై చుట్టుపక్కల కార్ల కంపెనీలకీ, వాటికి విడిభాగాలు చేసే షెడ్లకీ దాదన్ పనికి, అంటే ముందు అడ్వాన్సు తీసుకుని దళారి వెంట చేసే వలస పనికి, వెళ్ళే తెలుగు కుర్రాళ్ళ తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాం. ఇదివరకు పెట్టిన అర్జీలకు జవాబులు రాలేదని అనం. వచ్చాయి. ఒడిశా వాళ్ళు మహారాష్ట్రకి పంపామన్నారు, మహారాష్ట్ర వాళ్ళు కేంద్రం పరిధి అన్నారు, ఢిల్లీ నుంచి అది తిరిగి తిరిగి బరంపురం పీఎఫ్ ఆఫీసుకి చేరింది. కాగితానికి ప్రయాణ ఖర్చులు బాగానే దొరుకుతున్నాయి.

పీఎల్ఐ, అంటే వాహన కంపెనీలకు ఉత్పత్తిని బట్టి సర్కారు ఇచ్చే ప్రోత్సాహకం, గురించి తమకు చెప్పేంతవాళ్ళం కాదు. 25,938 కోట్లు. దీన్ని ఆదుకోవడం అనకూడదట, ప్రోత్సాహకం అనాలట. అలాగే అందాం. ఆ సొమ్ము అమ్మకాల మీద లెక్క కడతారు. సరుకులో దేశీయ విలువ కనీసం 50 శాతం ఉందని ఏఆర్‌ఏఐ లాంటి వాహనాల పరీక్షా సంస్థ తేల్చాలి. మోటారు, కంట్రోలరు, వైరింగ్ హార్నెస్ (వైర్ల కట్ట), ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో బిల్లులతో సహా చూస్తారు. చూడాల్సిందే. ఆ హార్నెస్ బిగించినవాడి పీఎఫ్ సరిగ్గా కట్టారా లేదా అన్నది కూడా అంత శ్రద్ధగానూ చూడమనే మా మొర.

ఏం జరుగుతోందో విడమరిచి రాస్తాం. కుర్రాడు నెలకి 26 రోజులు డ్యూటీ చేస్తాడు. గేటు దగ్గర పంచింగ్ పడుతుంది, ఆ లెక్క కంపెనీ సర్వర్లో ఉంటుంది. కాంట్రాక్టరు మాత్రం పీఎఫ్‌కి ఈసీఆర్, అంటే నెలవారీ చెల్లింపు లెక్క, ఎక్కించేటప్పుడు ఎన్‌సీపీ రోజులనే గడిలో, అంటే జీతం లేని రోజుల గడిలో, 14 కొడతాడు. 30 రోజుల నెలలో 16 రోజులే పనికొచ్చినట్టు అయిపోతుంది. పీఎఫ్ కింద కట్టే 12 శాతం ఆ 16 రోజుల జీతం మీదే. తక్కిన డబ్బు కన్వేయన్స్ అనో, అటెండెన్స్ ఇన్సెంటివ్ అనో వేరే పద్దులో పడుతుంది. యజమాని కట్టాల్సిన 12 శాతాన్ని కూడా కుర్రాడి జీతంలోంచే కోసేవాళ్ళున్నారు. స్లిప్పు ఇవ్వరు కాబట్టి అది పాస్‌బుక్కూ బ్యాంకు స్టేట్‌మెంటూ పక్కపక్కన పెట్టుకున్నవాడికే తెలుస్తుంది.

11వ నెలలో కాంట్రాక్టరు పేరు మారుతుంది. మనిషి అదే లైన్లో అదే టార్క్ గన్ పట్టుకుని ఉంటాడు, కాంట్రాక్టరుకి పీఎఫ్ ఆఫీసు ఇచ్చే నంబరు, అంటే పీఎఫ్ కోడ్, మాత్రం కొత్తది. ఐదేళ్ళ సర్వీసు ఏ కోడ్ కిందా నిండదు, గ్రాట్యుటీ ఊసే ఉండదు. పాత కోడ్‌లో ఎగ్జిట్ తేదీ, అంటే పని మానేసిన తేదీ, వేసేవాడు ఉండడు. చివరి చెల్లింపు పడి రెండు నెలలు దాటితే సభ్యుడే వేసుకోవచ్చు, ఆధార్ ఓటీపీతో అయిపోతుంది, నిజమే. పీఎఫ్ రికార్డులో పేరు ఆధార్ పేరుతో కలిస్తేనే. మావాళ్ళ ఆధార్ ఒడిశాలో తీశారు. ఇంటిపేరు చివరికి పోయింది, స్పెల్లింగు ఒడియా పలుకుబడికి తగ్గట్టు పడింది. కాంట్రాక్టరు గుమాస్తా ఎక్సెల్‌లో ఇంటిపేరుని పొడి అక్షరం చేసి ముందు పెట్టాడు. సరిచేయాలంటే జాయింట్ డిక్లరేషన్ అనే దిద్దుబాటు దరఖాస్తు పెట్టాలి. 2017 అక్టోబరు నుంచి ఆధార్‌తో ఇచ్చిన యూఏఎన్‌లకు (పీఎఫ్ సభ్యుడి నంబర్లకు) యజమాని ఆమోదం అక్కర్లేదని 2025లో సడలించారు, అందుకు కృతజ్ఞతలు. అంతకుముందు చేరినవాళ్ళకు ఆ ఆమోదం ఇవ్వాల్సిన కాంట్రాక్టరు దొరకడు.

ఇదంతా షెడ్డు నడుస్తున్నప్పటి సంగతి. మూతపడి దివాలా కోర్టుకెక్కితే ఇంకో ముచ్చట. రోల్స్ మీద ఉన్న కార్మికుడు తన బకాయిల కోసం ఫారం డి వేస్తాడు. ఆస్తులమ్మి అప్పులు తీర్చే లిక్విడేషన్ దాకా వస్తే 24 నెలల బకాయిలకు తాకట్టు పెట్టుకున్న బ్యాంకులతో సమాన వరస ఇచ్చింది చట్టం. కాంట్రాక్టు కుర్రాడు అదే ఫారం వేస్తే, మా హాజరు పట్టీలో నీ పేరు లేదు, మీ కాంట్రాక్టరుని అడుగు అంటారు. ఆ కాంట్రాక్టరు తనకు రావాల్సిన బిల్లు కోసం ఫారం బి వేసుకుంటాడు. కుర్రాడి జీతం ఆ బిల్లులో కలిసిపోయి మామూలు సరుకు బాకీ కింద చివరి వరసలోకి జారిపోతుంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమానే ఇవ్వాలని పాత కాంట్రాక్టు లేబర్ చట్టం సెక్షన్ 21(4)లో ఉండేది, కొత్త కార్మిక కోడ్‌లోనూ ఉంది. ఆ అసలు యజమాని దివాలా తీశాక ఎవర్ని పట్టుకోవాలో తమరే సెలవివ్వాలి.

యూనియన్ల సంగతి కూడా దాచుకోకుండా చెప్పుకోవాలి. 2009లో అమెరికా సర్కారు జనరల్ మోటార్స్‌నీ క్రైస్లర్‌నీ నిలబెట్టినప్పుడు అక్కడి ఆటో కార్మికుల యూనియన్‌ని బేరంలో కూర్చోబెట్టారు. రిటైరైనవాళ్ళ వైద్య ట్రస్టుకి జనరల్ మోటార్స్‌లో 17.5 శాతం, క్రైస్లర్‌లో 55 శాతం వాటా వచ్చింది. ఆ బేరంలో నలిగినవాళ్ళూ ఉన్నారు. 2007 ఒప్పందం తెచ్చిన రెండు అంచెల జీతాల కింద కొత్తగా చేరినవాడు పాతవాడి జీతంలో సగానికే పనిచేశాడు. జనరల్ మోటార్స్ నుంచి విడిపోయిన విడిభాగాల కంపెనీ డెల్ఫీలో యూనియన్ ఉన్న కార్మికుల పెన్షన్ని జనరల్ మోటార్స్ పూడ్చింది, యూనియన్ లేని జీతగాళ్ళ పెన్షన్ కోతపడింది. మన దగ్గరా అంతే. ప్లాంటు మూస్తే పర్మనెంట్ వాళ్ళ యూనియన్‌తో సెటిల్‌మెంటు జరుగుతుంది, ఫొటో కూడా దిగుతారు. అందులో సంతకం పెట్టే హక్కు మావాళ్ళకు లేదు, సభ్యత్వమే లేదు కనుక. యూనియన్ నాయకుల మీద మాకున్న కోపం తమ మీద కోపానికి తక్కువేమీ కాదు.

తమ చేతిలోనే ఉన్న ఉక్కు శాఖ సంగతీ చూడండి. 2025 జనవరిలో విశాఖ ఉక్కుకు 11,440 కోట్లు ప్రకటించారు, ఆ ఏడాదే అక్కడ కాంట్రాక్టు కార్మికుల తొలగింపు మీద ఆందోళన జరిగింది. డబ్బు వచ్చిన ఇంట్లోంచే ముందు బయటికి నెట్టేది మమ్మల్నేనా?

అడిగేవి పెద్దవేం కావు. ఏ కంపెనీకి సర్కారు సొమ్ము వెళ్ళినా, ఏ ప్లాంటు చేతులు మారినా, కాంట్రాక్టు వాళ్ళ బకాయిలు అసలు కంపెనీ బకాయిలుగా రాయండి. ఆ ఒప్పందం మీద వాళ్ళ ప్రతినిధి సంతకం ఉండాలి. బరంపురం పీఎఫ్ ఆఫీసులో తెలుగు తెలిసినవాణ్ణి ఒకణ్ణి కూర్చోబెట్టండి. వేరే రాష్ట్రం కోడ్ అని వెనక్కి పంపకుండా పేరు దిద్దే అధికారం కూడా వాడికి ఇవ్వండి, ఉట్టి కుర్చీ మాకెందుకు. ఇక ప్రోత్సాహకం క్లెయిములు తమ శాఖకే వస్తాయి కదా. ఈసారి ఏదో ఒక్క ప్లాంటుకైనా గేటు పంచింగ్ డేటా తెప్పించి, అదే నెల ఈసీఆర్ దాని పక్కన పెట్టించండి. ఎన్‌సీపీ గడి చూసే దాకా చెక్కు మీద సంతకం ఆపండి.

ఇట్లు,
గజపతి, రాయగడ జిల్లాల తెలుగు కాంట్రాక్టు కార్మికులు, వాళ్ళ ఇంటివాళ్ళు