బోధకునికి భయభక్తులు ఉండాలి

సంపాదకులకు,

1890లో అబ్రహాం ఫ్రీజన్ దంపతులు నల్లగొండలో మిషనరీ సేవ ప్రారంభించిన నాటి నుంచి మన జిల్లాలో వాక్యబోధకు గట్టి పునాది ఉంది. ఇటీవలి కొన్ని ఉజ్జీవ కూటాలలో (విశ్వాసాన్ని పురికొల్పే క్రైస్తవ సభలలో) మాత్రం ప్రసంగీకులు ఒక వచనాన్ని దాని సందర్భం నుంచి తెంచి, నూనె సీసాకూ కానుక కవరుకూ ముడిపెట్టి, స్వస్థత ఖాయమని మైకులో ప్రకటిస్తున్నారు. ఆ మాట నమ్మి మందులు మానేసిన రోగికి జబ్బు ముదిరితే, విశ్వాసం చాలలేదని అతనినే నిందించడం నా దృష్టిలో అన్నిటికన్నా క్రూరమైనది.

బోధకులు మరింత కఠినమైన తీర్పు పొందుతారని బైబిల్లోని యాకోబు పత్రిక 3వ అధ్యాయం హెచ్చరిస్తుంది. బెరయ పట్టణంలోని యూదులు అపొస్తలుడైన పౌలు బోధను సైతం ప్రతిదినం లేఖనాలతో సరిచూసుకున్నారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం చెబుతూ, వారిని మెచ్చుకుంటుంది కూడా. పౌలుకే లేని మినహాయింపు, ఫ్లెక్సీపై నిలువెత్తు ఫొటో వేయించుకున్న వారికి ఎక్కడి నుంచి వచ్చింది? ప్రశ్నించిన వారిని ‘అభిషిక్తుని (దేవుడు ఏర్పరచుకున్నవానిని) ముట్టకూడదు’ అంటూ నోరు మూయించడం భక్తి కాదు. (జీతం సరిగా అందకున్నా ఆదివారం వాక్యానికి నిష్ఠగా సిద్ధపడే పల్లె కాపరులకు ఈ మాటలు వర్తించవు.) సంఘపెద్దలు ఎవరినైనా ఆహ్వానించే ముందే వారి బోధ ఏమిటో విచారించాలి, కూటం ముగిశాక కానుకల లెక్కను సంఘం ముందు చదివి వినిపించాలి.

– ఒక సంఘ సభ్యుడు, నల్లగొండ