బ్రీడర్ల మీద నిన్నటి మాటకి
అందరికీ నమస్తే అండి. "కుక్కపిల్లకి అంత రేటా, బ్రీడర్లందరూ దొంగలే" అని నిన్న ఒకరన్నారు కదా, అలాంటోళ్లు లేరనను, కానీ పోయిన నెల నేను కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లా ముధోల్ పక్కన ఒక రైతు ఇంటికెళ్లా, వాళ్ల తాత కాలం నుంచీ ముధోల్ హౌండ్లే (అక్కడి వేటకుక్కల జాతి) పెంచుతున్నారంట. తల్లి ఈని ఆరో రోజు, ఏడు పిల్లలు, ఇంకా కళ్లు తెరవలేదు, ఆ వయసులో ఒంట్లో వేడి అవి నిలుపుకోలేవు కాబట్టి ఆయన గోనెసంచి పరుచుకుని రాత్రంతా పక్కనే పడుకుంటున్నాడు, కరెంటు పోయి, వేడికి పెట్టిన బల్బు ఆరితే చూసుకోవాలిగా. ఇంటావిడేమో "నా కాన్పులకి కూడా ఇంత మేలుకోలేదు ఈయన" అని ఒకటే నవ్వు (నా కన్నడ అంతంతమాత్రమే, అయినా అర్థమైంది). బక్కపిల్లని ప్రతిసారీ ఎత్తి వెనక చన్ను దగ్గర పెడుతున్నాడు, అక్కడ పాలెక్కువంట.

ముధోల్ రాజు మాలోజీరావు ఘోర్పడే బ్రిటిష్ రాజు ఐదో జార్జికి కానుకిచ్చిన జాతి ఇది, 2005లో పోస్టల్ స్టాంపు కూడా వేశారు, కానీ ఇన్నేళ్లు నిలబెట్టింది మాత్రం ఇలాంటి ఇళ్లేనండి.

ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి విడదీయడంట. తీసుకునేవాళ్లని మాత్రం పెళ్లిచూపుల్లా ప్రశ్నలడుగుతాడు, ఇల్లెక్కడ, జాగా ఎంత, పొద్దున్నే పరిగెత్తించేది ఎవరు అని. నాకు ఇవ్వనన్నాడు లెండి, మాది మూడో ఫ్లోర్ ఫ్లాట్.