లక్క కబురు

అమలాపురం

ప్రియమైన సత్యానికి,

నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు క్షమించు. ఇంట్లో అందరం కులాసా. దాళ్వా కోతలు పూర్తయ్యాయి, కాలవలు కట్టేశారు, కొబ్బరి ధర ఏమీ బాగాలేదు, అమ్మకు మోకాళ్ల నొప్పి కొంత నయం. మిగిలిన కబుర్లు తరవాత. నీకు చెప్పి తీరవలసిన సంగతి ఒకటి ఉంది, అది చెప్పేదాకా నాకు నిద్ర పట్టదు.

యుద్ధకాలపు ఆర్థిక చరిత్ర పుస్తకాలంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసు. ఏ సేనాపతి ఎటు నడిచాడన్నదాని కంటే ఏ సరుకు ఎక్కడ కొరతపడింది, దానికి ఎవరు ఏ ఉపాయం కనిపెట్టారు అన్నదే నన్ను కదలకుండా కూర్చోబెడుతుంది. మీ నాయనమ్మ పెట్టెలో మనం చూసిన చిల్లుకాణీ గుర్తుందా? 1943లో లోహం పొదుపు చెయ్యడానికే దాని నడుమ అంత చిల్లు పెట్టి అచ్చువేశారు. సరే, దాని గురించి మరోసారి రాస్తాను. ఇప్పుడు చెప్పవలసింది ఈమధ్య ఒక పుస్తకంలో చదివిన లక్క కథ గురించి.

పాత 78 గ్రామఫోను రికార్డుల్లో లక్క ఉంటుందని మనిద్దరికీ తెలిసిందే. ఆ లక్కలో చాలా భాగం మన దేశపు అడవుల నుంచి, ముఖ్యంగా ఛోటా నాగపూర్ వైపు మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద నుంచి గీకి తీసినదే. అది కలకత్తా రేవులో ఓడ ఎక్కి అమెరికా దాకా వెళ్లేది. యుద్ధం వచ్చేసరికి లక్క సైన్యానికీ కావలసి వచ్చింది, సముద్రమార్గమేమో ప్రమాదంలో పడింది. అందుచేత 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం రికార్డుల తయారీకి వాడే లక్కను 70 శాతం తగ్గించింది. పాత రికార్డులను ఇంటింటా సేకరించి, నూరి, మళ్లీ కొత్తవి పోసుకున్నారు. ఎంతమంది గొంతులు ఆ రోట్లో కలిసిపోయాయో కదా!

అది చదివిన వెంటనే తాతగారి పెట్టెలోని విరిగిన రికార్డు బయటికి తీశాను. విరిగిన అంచును దీపం దగ్గర పెట్టి చూస్తే మెరుపు పైపైనే, లోపలంతా పాత పలక విరిగినట్టు గరుకుగా, బూడిద కలిసిన నలుపు. లక్క పాలు తక్కువే, ఎక్కువ భాగం రాతిపొడి, రంగుకు కాస్త మసి. ఆ బరువూ, ఆ పెళుసుతనమూ అందుకే.

ఇప్పుడు అదే నెలలో మన సముద్రంలో ఏం జరిగిందో చూడు. 1942 ఏప్రిల్ 6న మీ కాకినాడ మీదా, విశాఖ మీదా జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ కొద్ది రోజుల్లోనే వారి నౌకాదళం బంగాళాఖాతంలో 20కి పైగా సరుకు ఓడలను ముంచింది. కలకత్తా నుంచి బయలుదేరే లక్కకు వేరే దారి లేదు, ఆ నీళ్ల మీదుగానే పోవాలి. మీ ఇంటి అరుగు మీద పెద్దవాళ్లు చెప్పుకునే ఆ బాంబుల కథా, అమెరికాలో పాటల దుకాణం ఖాళీ కావడమూ ఒకే సముద్రపు కథలు, సత్యం!

ఆ పుస్తకంలో తరవాతి అధ్యాయం బెంగాలు కరువు. జపాను వాళ్లు వస్తే వాడుకుంటారని 1942లో తీరప్రాంతపు పడవలను ప్రభుత్వమే పట్టుకుపోయింది. బర్మా బియ్యం ఆగిపోయింది, ధరలు ఆకాశానికి పోయాయి. 20 నుంచి 30 లక్షల మంది చనిపోయారు. అదీ మనలాంటి డెల్టాయే, అవీ వరిచేలే. పడవ లేకపోతే లంకల్లో బతుకు ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? ఆ రాత్రి పాటలు పెట్టబుద్ధి కాలేదు.

మర్నాడు మళ్లీ చదివాను. సైనికులకు పంపే రికార్డులు దారిలో పగిలిపోకుండా వినైలు అనే ప్లాస్టిక్‌తో చేశారు. 1948లో అమెరికాలో వినైలు ఎల్పీ, అంటే ఎక్కువసేపు మోగే రికార్డు, మార్కెట్లోకి వచ్చింది. మూడు నిమిషాల పాట కాస్తా ఒక్కో వైపు ఇరవై నిమిషాలు సాగింది. మనం ప్రాణం పెట్టి వినే పాప్ ఆల్బములు ఆ పొడుగు మీదే నిలబడ్డాయి. మళ్లీ 1973లో అరబ్బు దేశాలకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం, చమురు ధర కొద్ది నెలల్లోనే మూడు డాలర్ల నుంచి పన్నెండుకు దగ్గరైంది. వినైలు కూడా చమురు బిడ్డే కనుక రికార్డులు పలచబడ్డాయి. నా దగ్గరున్న ఆ కాలపు ఎల్పీ ఒకటి అంచు పట్టుకుంటే ఊగుతుంది, అయినా పాట మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ కొరత రోజుల్లోనే, 1974 ఏప్రిల్ 6న, ఇంగ్లండులోని బ్రైటన్‌లో యూరోవిజన్ పాటల పోటీ గెలిచింది ఎవరో నీకు చెప్పక్కరలేదు. మన స్వీడన్ వాళ్లే, ‘అబ్బా’ (ABBA) బృందమే, అదీ ‘వాటర్లూ’ అని ఒక యుద్ధరంగం పేరున్న పాటతో! ఆ బృందం పేరు మొదటిసారి విని మీ నాన్నగారు అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. తేదీ గమనించావా? కాకినాడ మీద బాంబులు పడిన తేదీయే. దీనికి అర్థమేమీ లేదని తెలుసు, అయినా నీకు రాయకుండా ఉండలేకపోయాను.

అసలు 1942లోనే అమెరికా వాద్యకారులు రికార్డింగులకు సమ్మె కట్టిన సంగతి కూడా ఉంది, దాని వల్ల గాయకులకు ఎంత మేలు జరిగిందంటే... మా మేనల్లుడు హైదరాబాదు బస్సుకు సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడ్డాడు, ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. సమ్మె సంగతి వచ్చే ఉత్తరంలో.

నీ
సుబ్బు