‘యాడి’ అని రాస్తే తప్పా?

సంపాదకులకు నమస్కారం.

మా పాప సర్కారు బడిలో ఒకటో తరగతి. మొన్న నోట్‌బుక్‌లో అమ్మ బొమ్మ వేసి, కింద ‘యాడి’ అని రాసుకుంది. టీచరు ఆ మాటను ఎర్ర పెన్నుతో కొట్టేసి ‘అమ్మ’ అని దిద్దారు. మేం లంబాడీలం. మా గోర్ బోలీలో అమ్మను యాడి అంటాం. టీచరు మనసు మంచిదే, తెలుగు రావాలనే దిద్దారు. రావాలని నాకూ ఉంది. కానీ ఆ రోజు నుంచి పిల్ల బడిలో నోరు విప్పడం లేదు. ఇంట్లో నానమ్మతో గలగలా మాట్లాడే పిల్ల అక్కడ మంచినీళ్లకు కూడా వేలు చూపిస్తోందట.

దేవరకొండ దగ్గర తండా నుంచి వచ్చి బడిలో చేరినప్పుడు నా పరిస్థితీ ఇదే.

మొన్న శనివారం మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి పాపను పక్కన కూర్చోబెట్టుకుని మా భాషలో మెల్లగా అడిగింది. అప్పుడు బయటపడింది: వెనక బెంచీ నుంచి బోర్డు సరిగ్గా కనబడదు, ఇద్దరు పిల్లలు ‘లంబాడీ’ అని వెక్కిరిస్తున్నారు. బడి తెరిచినప్పటి నుంచీ ఇదే వరస. పెద్దవాళ్లం ఒక్కరం కూడా కనిపెట్టలేకపోయాం.

ఫిబ్రవరి 15న మా లంబాడీల గురువు సేవాలాల్ మహారాజ్ జయంతికి మా పిల్లలను అద్దాల బట్టల్లో రమ్మని డ్యాన్స్ చేయిస్తారు. సంతోషమే. మర్నాడు వాళ్లు తమ భాషలో మాట్లాడుకుంటే మాత్రం వద్దంటారు.

ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే వీలు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత వరకు అలాగే బోధించాలంది. మా భాషకు లిపి లేదంటారు. తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటాం కదా, మా పాప రాసింది అలాగే.

అదే చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. అణగారిన, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటివ్వాలి. మా దగ్గర మీటింగులేమో పని రోజున పదకొండు గంటలకు పెడుతున్నారు. మా పక్కింటి బావ ఆరింటికే లేబర్ అడ్డా మీద ఉంటాడు. మీటింగుకొస్తే ఆ రోజు కూలి పోయినట్టే.

విద్యాశాఖ అధికారులను కోరేది ఇదీ. మీటింగులు ఆదివారం పెట్టించండి. నెలకో గంట పిల్లల మాట వినడానికే కేటాయించండి. ఏ భాష పిల్లలు ఆ భాషలో చెప్పుకోనివ్వండి, పై తరగతుల అక్కలు, అన్నలు టీచరుకు తెలుగులో చెబుతారు. మా బస్తీలో ఒడియా, మరాఠీ పిల్లలూ ఉన్నారు, వాళ్లకూ ఇది కావాలి. నీళ్లు, కడుపునొప్పి, బాత్రూమ్ లాంటి పది మాటలైనా టీచర్లు నేర్చుకోవాలి.

వచ్చే మీటింగు ఆదివారం పెడితే పక్కింటి వాళ్లను వెంటబెట్టుకుని వస్తాను. గోర్ బోలీలో పిల్లలు చెప్పింది తెలుగులో నేనే చెబుతాను.

– ఒక తండ్రి, హస్తినాపురం, హైదరాబాద్